దిగని గుల్లలు

తప్పులుంటే మన్నించండి. అక్షరాలు నాకు ముసలితనంలో వచ్చాయి. చేయి మెల్లగా కదులుతుంది.

ఆటు వేళ, సముద్రం వెనక్కి తగ్గినప్పుడు, బురద ఊపిరి తీసుకుంటుంది. సన్నగా... చిటపటమని... బుడగలు పగిలే చప్పుడు.

స్పెయిన్‌లో మా గలీసియా ఆడవాళ్లకు ఆటు వేళ బయటపడే తీరమే పొలం. ఆ పొలంలో, మా గుల్లల జట్టులోని దొరిందా పిల్లగుల్లలు విత్తనాల్లా చల్లింది. చల్లిన గుల్ల నాలుక చాచాలి, బురదను తడమాలి, మునిగిపోవాలి.

మునగలేదు.

పైనే పడుకున్నాయి — ఎండలో, నోళ్లు తెరుచుకుని. పక్షులు ఏరుకుపోయాయి.

"నీ చెయ్యి మంచిది కాదే," అంది జట్టు పెద్ద బల్బీనా. "మొగుణ్ణి మింగిన చెయ్యి. ఇంక విత్తనం ముట్టుకోకు."

"నా మొగుణ్ణి మింగింది సముద్రమే. నా చెయ్యి కాదు."

ఎవరూ వినలేదు. దొరిందా ఒడ్డునే మిగిలిపోయింది. ఆ ఏడు లోతుగా దిగింది ఒక్కటే — ఆమె పగ.

మరుసటి వసంతంలో బల్బీనా చల్లింది. పిల్లల తల్లి చెయ్యి, చల్లని చెయ్యి.

మునగలేదు.

అప్పుడు తలలన్నీ తిరిగాయి — ఏటి మలుపులో, రాగి కర్మాగారం మురుగు గొట్టం వైపు. దాని అంచున పచ్చటి చిలుము.

రాగి బురదలోకి దిగింది. బురద గుల్లలోకి దిగింది. గుల్ల మాత్రం ఎక్కడికీ దిగలేకపోయింది.

బల్బీనా వచ్చి దొరిందా గుమ్మంలో నిలబడింది. "తప్పయింది అక్కా."

"తప్పు నీ దగ్గరే ఉంచుకో. తట్ట తీసుకురా."

పడవలవాళ్లను కాచే కార్మెన్ మాత పండుగ. పడవల ఊరేగింపు ముగిసింది. రేవు పందిరి కింద విందు. విందు ఇచ్చేది కర్మాగారం యజమాని దొన్ ఎవరీస్తో. తొలి పళ్లెం ఆయనకే — పచ్చి గుల్లలు, నిమ్మరసంతో. ఆయన తినేదాకా ఇంకెవరూ ముట్టరు. అది అక్కడి మర్యాద.

ఆ మర్యాద కోసమే దొరిందా కాచుకుంది.

పళ్లెం పెట్టింది. నిమ్మచెక్క పిండింది. పులుపు తగిలితే బతికిన గుల్ల ముడుచుకోవాలి. ఇవి... ఊరికే చూస్తున్నాయి.

"ఎక్కడివమ్మా ఇవి?" నవ్వుతూ అడిగాడు.

"మీవే అయ్యా. మీ గొట్టం కిందవి."

ఆయన చేయి గాలిలో ఆగింది.

"తినండి. బురదలో విషమేమీ లేదని చర్చిలో ఫాదరుగారి ముందు చెప్పింది మీరే కదా?"

"కడుపు నిండిపోయిందమ్మా..."

"ఇంకా మొదలే పెట్టలేదు కదయ్యా!" వెనకనుంచి బల్బీనా. పందిరంతా నవ్వు.

ఆ నవ్వులోనే ఆడవాళ్లు లేచారు. ఒక్కొక్కరూ ఒక్కో పళ్లెం తెచ్చి ఆయన ముందు పెట్టారు. బల్ల నిండింది. బ్యాండు వాళ్లు వాయించడం మానేశారు.

ఆయన లేవబోయాడు. దారినిండా నల్ల లంగాలు, రబ్బరు బూట్లు.

దొరిందా కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది.

"తొందరేం లేదు. మీకు ఆకలయ్యేదాకా ఉంటాం."

పందిరి అవతల నీళ్లు వెనక్కి తీస్తున్నాయి. బురద బయటపడింది — నల్లగా, వెడల్పుగా.

అందరూ చెవి ఒగ్గారు.

బురద ఊపిరి తీసుకోలేదు...

ఎరుందీనా లారెయ్రో, డెబ్బై నాలుగేళ్లు. ఇప్పుడు వీగో పట్నంలో, చెల్లెలి ఇంట్లో.