బోర్డు హాల్లోకి వచ్చిన సందు

ఊరి బోర్డు సమావేశం ఉన్న రోజు బంట్రోతు పొద్దున్నే కుర్చీలన్నీ గోడవారకి జరిపేసేవాడు. ఏ విషయం మీద చర్చ ఉంటే ఆ విషయం స్వయంగా వచ్చి హాలు నడుమ కూర్చుంటుంది కాబట్టి చోటు కావాలి. మార్కెట్ షెడ్డు వచ్చినప్పుడు సగమే లోపల పట్టింది, మిగతా సగం వరండాలో నిలబడింది. మురుగుకాలువ వచ్చిన రోజు సభ్యులంతా ఒక చేత్తో ముక్కు మూసుకుని రెండో చేత్తో ఓటేశారు.

ఈసారి వంతు ఇరుకు సందుది.

ఆ సందులోనే దర్జీ వదిన కొట్టు. ఊరందరికీ ఆవిడ వదినే. భర్తకి గుండెనొప్పి వచ్చిన రోజు అంబులెన్సు మలుపు దాటలేక అక్కడే ఆగిపోయింది. మంచంతో సహా మోసుకెళ్ళేలోపే ఆయన చల్లబడిపోయాడు. సందు వెడల్పు చేయిస్తానని చెప్పి ఆవిడ బోర్డుకి నిలబడింది, గెలిచింది. తీరా పనికి అనుమతి వచ్చాక పెద్దాఫీసు ఒక మెలిక పెట్టింది. సందులోకి పొడుచుకొచ్చినవి రెండే. ఎడమపక్క దర్జీ వదిన కొట్టు, దాని ఎదురుగా వడ్రంగి ముందుగది. రెండిట్లో ఒకటి తీస్తే చాలు. ఏదన్నది బోర్డే తేల్చుకోవాలి.

ఆ కొట్టు ఆవిడ భర్త తన చేతుల్తో కట్టింది.

సందు మెల్లగా గుమ్మం దాటి వచ్చింది. తడి బట్టల తీగలతో, అరుగు మీద నిద్రపోతున్న కుక్కతో సహా పరుచుకుంది. సభ్యులు కాళ్ళు పైకి ముడుచుకున్నారు. వాదించుకున్నారు. చివరికి దర్జీ వదిన కాక మిగతావాళ్ళు సగం మంది ఇటు, సగం మంది అటు తేలారు.

అధ్యక్షుడు మాస్టారు గొంతు సవరించుకున్నాడు. "నీ లాభానికి నువ్వు ఓటు వేసుకోకూడదమ్మా, రూలు ఒప్పుకోదు. నష్టానికి వేసుకుంటానంటే అడ్డమేం లేదనుకో. నువ్వు ఊరికే కూర్చో. సమానంగా ఉంది కాబట్టి తేల్చేది నేను. వడ్రంగి గది తీయిస్తాను. నిన్నెవరూ ఒక్క మాట అనరు."

నిజమే, ఎవరూ అనరు. అయినా ఆవిడ లేచి, చెప్పులు వేసుకుని, సందులోకి నడిచింది.

వడ్రంగి కిటికీ తెరిచే ఉంది. లోపల మంచం మీద అతని భార్య. నడుం పడిపోయినప్పటి నుంచి ఆ పిల్లకి ఆ కిటికీయే లోకం.

"ఏం చేస్తున్నావే?"

"ఏముంది వదినా, కుక్కకి కాపలా కాస్తున్నా. నాకంటే అదే ఎక్కువ పడుకుంటోంది." నవ్వింది. తర్వాత గొంతు తగ్గించింది. "నువ్వు చెయ్యెత్తకు. అన్నయ్య కట్టిన కొట్టు. నన్ను వెనకగదిలో వేస్తారు, అంతేగా."

"వెనకగదికి కిటికీ ఉందా?"

ఆ పిల్ల దుప్పటి అంచు సరిచేసుకుంది. "గోడే కదా వదినా... అలవాటైపోతుందిలే."

దర్జీ వదిన ఎదురుగా ఉన్న తన కొట్టు వైపు తిరిగింది. భర్త వంకరగా బిగించిన తలుపు. ఎన్నిసార్లు తిట్టిందో ఆ వంకరకి. కళ్ళు తుడుచుకుని తిరిగొచ్చి, కూర్చోకుండానే చెయ్యెత్తింది.

"ఎడమపక్క," అంది.

మాస్టారు చాలాసేపు కళ్ళజోడు తుడుచుకున్నాడు. "తీర్మానం ఆమోదం," అన్నాడు చివరికి, ఎవరి మొహమూ చూడకుండా.

సందు లేచింది. తీగలు, అరుగు, కిటికీ, కుక్క అన్నీ సర్దుకుని గుమ్మం దాటి వెళ్ళిపోయింది. దర్జీ వదిన కొట్టు మాత్రం వెళ్ళలేదు. హాల్లో ఎడమగోడకి ఆనుకుని, వంకర తలుపుతో సహా అలాగే నిలబడి ఉంది.

"ఇది అజెండాలో లేదే!" అన్నాడు మాస్టారు.

"లేకపోతే చేర్చండి," అన్నాడు ఒక సభ్యుడు. కొట్టు ఇక్కడే ఉండొచ్చా అని అడిగితే చేతులన్నీ లేచాయి. బంట్రోతు కూడా ఎత్తాడు, అతనికి ఓటు లేకపోయినా.

మర్నాటి నుంచి ఆవిడ అక్కడే కుట్టడం మొదలుపెట్టింది. అర్జీ పట్టుకొచ్చినవాళ్ళు తమ వంతు వచ్చేదాకా కొట్టు ముందు కూర్చునేవాళ్ళు. చిరిగిన చేతి సంచో, బొత్తాం ఊడిన చొక్కానో ఇచ్చి, కుట్టు పడేలోగా కుళాయి రావడం లేదనో, బడి గోడ కూలిందనో గోడు వెళ్ళబోసుకునేవాళ్ళు. ఆవిడ కుట్టు మీంచి తల ఎత్తకుండానే వినేది, ఒకటి రెండు ప్రశ్నలు వేసేది. వాళ్ళు లోపలికి వెళ్ళేసరికి ఏం అడగాలో వాళ్ళకే తేటగా తెలిసిపోయేది.

మాస్టారు ఓపిక చాలక దిగిపోయిన రోజున, అధ్యక్షులు ఎవరన్న చర్చే రాలేదు. అందరూ కొట్టు వైపు చూశారు. ఆవిడ చేతిలో ఉన్న చొక్కాకి ఆఖరి కుట్టు వేసి, పళ్ళతో దారం తెంపి, లేచి వెళ్ళి ఖాళీ కుర్చీలో కూర్చుంది.