మంచినీళ్ళు తాగెళ్ళు

"ఆ దేశంలో నీకు ఒంట్లో బాగోపోతే నాకు కబురెవులు సెప్తారే?"

గంగాలమ్మ ఆ మాట కూతురితో అన్నదో, చేతిలోని నెత్తళ్ళతో అన్నదో తెలియదు. ఫిషింగ్ హార్బర్ వెనక ఇసకలో పాత వల పరిచి, దాని మీద ఎండబెట్టిన చేపల్ని అరచేత్తో తిరగేస్తోంది. పొట్టి మనిషి. మోకాళ్ళ దాకా ఎగ్గట్టిన చీర, ఉప్పు తిని బీటలు వారిన మడమలు. ఒక చెయ్యి చేపల మీద ఆడుతుంటే రెండో చేతిలో నల్లగుడ్డ కట్టిన కర్ర కాకుల్ని అదిలిస్తోంది. ఇన్నేళ్ళలో ఆ రెండు చేతులూ ఒకదాని పని ఒకటి మరిచిపోలేదు.

గుమ్మంలో కూర్చుని తల చిక్కు తీసుకుంటున్న దుర్గ జవాబు చెప్పలేదు. చిన్నప్పటినుంచీ అంతే ఆ పిల్ల. పది అడిగితే ఒకదానికి చెబుతుంది, అదీ మర్నాడు.

"పోనీ, ఆ బూట్లు ఎవులికియ్యమంటావో అదైనా సెప్పు. పక్కింటి పోలమ్మ కూతురు అడుగుతంది."

దుర్గ ఇంకో పాయ చేతిలోకి తీసుకుంది. గుమ్మం పక్కన తెల్ల రబ్బరు బూట్లున్నాయి. రొయ్యల కంపెనీలో ఐసునీళ్ళలో నిలబడి రొయ్యలు ఒలిచేటప్పుడు దుర్గ తొడుక్కునేవి. నిన్నటితో ఆ పని ఆఖరు. ఈ సాయంత్రం బండికి హైదరాబాదు, అక్కణ్ణుంచి విమానంలో కెనడా, మొగుడి దగ్గరకి.

పెళ్ళయి నాలుగేళ్ళయింది. అల్లుడు గురువులు ఓడ మీద కలాసీగా వెళ్ళి, ఆ దేశంలో దిగి, అక్కడి మనిషైపోయినవాడు. సంబంధం తెచ్చింది గంగాలమ్మ తమ్ముడు గవర్రాజు. ఆరోజు ఆవిడ గొంతులో గంపెడు ప్రశ్నలున్నాయి. ఇంత వయసొచ్చేదాకా పెళ్ళెందుకు కాలేదు? అక్కడ ఎవరితో ఉంటున్నాడు? నోరు తెరవబోతే గవర్రాజే మూయించాడు.

"సముద్రం దాటే మనిషినేటీ అడక్కూడదప్పా. ఒకపాలి అడిగి సూసేవు గదా."

సూసింది. మొగుడు ఎల్లారావు వేటకి బయల్దేరిన రోజున వెనకనుంచి పిలిచి, "ఏపుకెల్తన్నావు, ఎప్పుడొత్తావు?" అని అడిగిన నోరు ఇదే. గడప దాటిన మనిషిని వెనక్కి పిలవకూడదు. పిలిస్తే ఆ మనిషి ఇంట్లోకి తిరిగొచ్చి, కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరాలి. ఎల్లారావు నవ్వేశాడు. "నీల్లకేటే, సముద్రం నిండా నీల్లే గదా" అని పడవెక్కాడు. ఆ రాత్రే తుఫాను పట్టింది. అది వెలిశాక పడవలన్నీ వచ్చాయి, అతనిది తప్ప. ఆ రోజునుంచీ గంగాలమ్మ నోరు మంచిది కాదని పేటలో ఖాయమైపోయింది. ఎక్కడ ఎవరు ప్రయాణమైనా ఆవిణ్ణి వంటింట్లోకి పొమ్మంటారు.

అందుకే అడగలేదు. పెళ్ళయ్యాక గురువులు వెళ్ళిపోయాడు. కాగితాలు ఇదిగో అదిగో అన్నాడు. ఏడాది పోయాక ఫోనులో అసలు సంగతి చెప్పాడు.

"తాగిన మత్తులో ఓడోళ్ళతో కొట్లాట, అత్తా. శిన్న కేసు. శిక్ష కూడా అయిపోనాది. అయినా అయిదేళ్ళు దాటి ఆ మచ్చ పోయినదాకా పెళ్ళాన్ని పిలుసుకోనివ్వదంట గవర్మెంటు."

నిజం చెప్పాలంటే అప్పుడు గంగాలమ్మకి ప్రాణం కుదుటపడింది. ఇంతేనా! ఈ ఒడ్డున తాగి కొట్టుకోని మగాడెవడు? "మొగుడొదిలేసిన పిల్ల" అని కుళాయి దగ్గర ఎవరైనా దెప్పితే, "వదిలేయలేదు, గవర్మెంటు ఆపింది" అని ఎదురు చెప్పడానికి ఒక మాట దొరికింది.

కూతురి ప్రయాణమని చేప ఆగదు కదా. ఎండలో చురుకు రాగానే రొయ్యపప్పు మూటగట్టి పూర్ణా మార్కెట్టుకి బస్సెక్కింది. మసాలా దినుసుల కొట్లో ఖైరున్నీసా ఆవిణ్ణి చూడగానే లేచి వచ్చి, ఖర్జూరాల పొట్లం ఒకటి చేతిలో పెట్టింది.

"బిడ్డకివ్వు గంగాలమ్మా. దారిలో ఆకలేస్తే తింటుంది. ఇవాళ కూడా మూట మోసుకొచ్చావా, నీకేమన్నా పిచ్చా?"

"ఇంట్లో కూకుంటే ఏటేటో తోత్తాది, తల్లీ. ఇమానం సముద్రం మీద ఆగిపోనట్టు, సలికి పిల్ల బిగుసుకుపోనట్టు."

కొట్టు ముందు బల్ల వేసుకుని పాస్‌పోర్టు పనులు చూసిపెట్టే నజీర్, ఖైరున్నీసా భర్త, తల ఎత్తి నవ్వాడు. "మొత్తానికి వీసా వచ్చిందన్నమాట. ఇంతకీ అల్లుడి కేసేంటమ్మా?"

"ఓడోళ్ళతో కొట్లాట బాబూ."

"బయటివాళ్ళతో కొట్లాటకి ఆపరే!" అన్నాడు నజీర్, ఆలోచిస్తూ. "జైల్లో ఉంటే వేరు. శిక్ష అయిపోయాక కూడా అయిదేళ్ళు భార్యని పిలవద్దన్నారంటే... ఇంట్లోవాళ్ళని గాయపడేలా కొడితేనమ్మా. కిందటేడు నా దగ్గరికి ఇట్లాంటిదే ఒకటొచ్చింది."

"ఊరుకోండి! ప్రయాణం రోజున అవేం మాటలు?" అంది ఖైరున్నీసా.

"నాకు తెలిసింది చెప్పాను. తెలీని రూలు ఇంకేదైనా ఉందేమో."

గంగాలమ్మ మూట ముడి విప్పుతున్నది విప్పుతున్నట్టే ఉండిపోయింది. "ఇంట్లోవోళ్ళంటే?"

"తల్లి, తండ్రి, పిల్లలు..." నజీర్ ఆగాడు. "భార్య."

గురువులి తల్లీ తండ్రీ అతను ఓడెక్కకముందే పోయారు.

తిరుగు బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. కాలవ అవతల, మల్కాపురం వైపు, రిఫైనరీ గొట్టం మీద మంట పట్టపగలే ఎర్రగా ఊగుతోంది. రోజూ ఉండేదే. ఇవాళ మాత్రం చూపు తిప్పుకోలేకపోయింది. ఎన్నెన్ని చెడ్డలు ఊహించింది తను! ఓడ మునిగిందనుకుంది, రోగమొచ్చిందనుకుంది, అక్కడ ఇంకో ఆడది ఉందేమోనని కుళ్ళి కుళ్ళి ఏడ్చింది. ఆ ఇంకో ఆడదానికేమైందోనని భయపడాలని మాత్రం ఏ రాత్రీ తోచలేదు.

ఇంటి దగ్గర గవర్రాజు ఇస్త్రీ చొక్కా వేసుకుని, సూట్‌కేసుకి తాడు బిగిస్తున్నాడు. విమానం దాకా అతనే తోడు. గంగాలమ్మ అతని మోచెయ్యి పట్టుకుని పెరట్లోకి లాక్కుపోయింది.

"గురువులికి ముందు పెళ్ళాం ఉన్నాదేట్రా?"

గవర్రాజు ఆకాశంకేసి చూశాడు. "ఎవులు సెప్పేరు?"

"ఉన్నాదా లేదా?"

"ఉండేది. ఎప్పటి మాటో. ఆడిప్పుడు తాగడం లేదప్పా, మారిపోనాడు."

"ఎరిగుండే కట్టబెట్టేవా?"

"మరేటి సెయ్యమంటావు? పిల్ల రొయ్యలొలుసుకుంటా ముసిల్దైపోవాలా?" గొంతు తగ్గించాడు. "బయల్దేరే ముందు నీ నోరిప్పకు. నీకు దండం పెడతాను."

పెదవులు బిగబట్టుకుని నిలబడింది. దుర్గ కాళ్ళకి దండం పెడితే తల మీద చెయ్యి వేసింది, దీవెన మాత్రం పైకి అనలేదు. వీధిలో ఆడవాళ్ళు గుమిగూడారు. గంగాలమ్మని ఎదురు రానివ్వకుండా పోలమ్మ పక్కకి జరిపింది. దుర్గ గడప దాటింది, ఆటో ఎక్కింది. ఆటో కదలబోతోంది.

"ఒలే దుర్గా!"

వీధి వీధంతా కొయ్యబారిపోయింది.

"ఓలమ్మోలమ్మ, మళ్ళీ పిలిసేసినాదిరా నాయనా!" పోలమ్మ గుండెల మీద చెయ్యి వేసుకుంది. గవర్రాజు నుదురు కొట్టుకున్నాడు. కానీ పిలిచాక చేసేదేముంది? పిలిచిన ఇంట్లో కూర్చుని నీళ్ళు తాగకుండా ఏ మనిషినీ ఆ పేటలో ఎవరూ పంపరు, గవర్రాజైనా సరే. "దిగమ్మా, దిగు" అన్నాడు నీరసంగా. "గబాల్న తాగొచ్చేయి."

గంగాలమ్మకి కావలసిందీ ఆ నీళ్ళు తాగేంత సేపే. లోపలికి రాగానే తలుపు దగ్గరగా వేసింది. కుండలోంచి గ్లాసు నిండా ముంచింది.

"మంచినీళ్ళు తాగెళ్ళు. మెల్లగా తాగు." కూతురి ఎదురుగా నేల మీద కూలబడింది. "ఆడు కొట్టింది ఓడోళ్ళని కాదే. ముందు పెళ్ళాన్ని. నీకు తెల్సా?"

దుర్గ గ్లాసు అందుకుంది.

"ఎల్లొద్దని నానననే. అంటే మళ్ళీ నా నోరే తగిలిందంటారు. తెల్సా లేదా, అదొక్కటి సెప్పు."

బయట ఆటో ఇంజను కొట్టుకుంటోంది. దుర్గ గుక్క గుక్కకీ ఆగి తాగుతోంది. ఐసునీళ్ళకి నాని తెల్లబడి, గోళ్ళు అరిగిపోయిన వేళ్ళు గ్లాసు చుట్టూ బిగిసి ఉన్నాయి. ముంజేతి గాజులు మాత్రం కొత్తవి. గవర్రాజు తలుపు తట్టాడు. దుర్గ ఆఖరి గుక్క మింగి గ్లాసు నేల మీద పెట్టింది. లేచింది. తలుపు తీసింది. ఇక ఇది కూడా జవాబు లేని ప్రశ్నే అనుకుని గంగాలమ్మ తల దించేసుకుంది.

గడప మీద దుర్గ ఆగింది. వెనక్కి తిరగలేదు.

"తెలుసమ్మా. ఆయనే సెప్పేడు. సెయ్యి ఇరిగిందంట ఆవిడికి." చెప్పులు తొడుక్కుంది. "బూట్లు ఎవులికీ ఇయ్యకు."

ఈసారి ఎవరూ పిలవలేదు. ఆటో మలుపు తిరిగి, హార్బరు గోడ వెంట చప్పుడుగా, తరువాత చప్పుడు లేకుండా వెళ్ళిపోయింది.

గుమ్మం పక్కన తెల్ల బూట్లు, నిన్నటి ఐసునీళ్ళ తడి ఇంకా ఆరకుండా, మొనలు ఇంటివైపు తిరిగి ఉన్నాయి.