కళ్ళు తిరిగిన నెల

పాపని ఒళ్ళో పెట్టుకుని ఆమె మెట్ల మీద కూర్చునే కిందికి దిగుతోంది. ఒక మెట్టు మీద కూర్చోవడం, కాళ్ళు కింది మెట్టుకి ఆనించడం, పాప నడుం చుట్టూ చెయ్యి బిగించి మెల్లగా జారడం. పాపకి ఇదో కొత్త ఆట. "ఇంకోటి, ఇంకోటి" అని చప్పట్లు కొడుతోంది.

"ఏమ్మా, లిఫ్టు పెట్టలేదని ధర్నా చేస్తున్నావా?" అంది కింద వాటా పిన్నిగారు, పాల ప్యాకెట్లతో ఎదురొస్తూ.

ఆమె నవ్వి గోడవైపు ఒదిగి దారిచ్చింది. పాపని ఎత్తుకుని దిగుతుండగా కళ్ళు తిరిగితే, పాప తన మీద పడుతుందా, తాను పాప మీద పడుతుందా అని రోజూ ఆలోచిస్తున్న సంగతి పొద్దున్నే మెట్ల మీద ఎవరితో చెబుతుంది? వెనకనించి భర్త ల్యాప్‌టాప్ సంచీ భుజానేసుకుని టకటకా దిగివచ్చాడు. "మహారాణీవారి పల్లకీ ఇంకా ఇక్కడే ఉందా!" అని ఇద్దర్నీ దాటుకుంటూ పాప బుగ్గ గిల్లి వెళ్ళిపోయాడు. పాపని మీరు దించండి అని అడగాలని ఆమెకి తోచనే లేదు. ఆయనకి ఆఫీసు టైమవుతుంది. పాపని బడిలో దింపి ఆమె పనికి వెళ్ళే కళ్ళజోళ్ళ షాపూ అదే టైముకి తెరుస్తారు. అయినా ఆయన టైము టైము, ఆమె టైము సర్దుబాటు. పెళ్ళయినప్పటినించీ అంతే.

మొదటిసారి సింకు దగ్గర పడింది. గిన్నెలు తోముతుంటే చెవుల్లో హోరుమంది, కుళాయి చప్పుడు ఎక్కడో దూరంగా వెళ్ళిపోయింది, తర్వాత చెంపకి చల్లగా తగిలింది నేల. కళ్ళు తెరిచేసరికి అత్తగారు మొహం మీద నీళ్ళు చల్లుతూ, కంగారుపడాల్సింది పోయి మురిసిపోతోంది. "నేను చెప్పలా? ఈసారి మనవడే" అని హాల్లో పేపరు చదువుతున్న మామగారికి వినపడేలా అంది. ఆమె గుడ్లప్పగించి చూసింది. ఒక్క పాప చాలని భార్యాభర్తలిద్దరూ ఎప్పుడో అనుకున్నారు. అనుకున్నది ఇద్దరూ, రోజూ మాత్ర మింగుతున్నది ఒకరు. ఆ సంగతి పెద్దవాళ్ళతో చెబుతానన్నది ఆయనే. టైము చూసి చెబుతానన్నాడు. ఆ టైమింకా రాలేదు. ఈలోగా మనవడు ఎందుకు రావడంలేదో సంజాయిషీ ఇచ్చుకునే పని ఆమెది.

ఆ సాయంత్రం భర్త బాల్కనీలోకి వెళ్ళి డాక్టరమ్మకి ఫోన్ చేశాడు. ఆ ఇంట్లో డాక్టరుతో మాట్లాడేది ఆయనే. ఆస్పత్రికి వెళ్ళినా ఆమె పక్క కుర్చీలో కూర్చుంటుంది, ఆయన చెబుతాడు. "మా ఆవిడకి చెప్పడం రాదండీ, తలనొప్పితో మొదలుపెట్టి పక్కింటివాళ్ళ కుక్కదాకా పోతుంది" అంటాడు. అందరూ నవ్వుతారు. ఆమె కూడా నవ్వుతుంది. డిగ్రీ ఫస్ట్ క్లాసులో పాసైన మనిషి, షాపుకి వచ్చినవాళ్ళకి దూరపుచూపూ దగ్గరచూపూ తేడా ఓపిగ్గా విప్పిచెప్పే మనిషి, తన కడుపునొప్పి ఎక్కడో తన నోటితో చెప్పలేదని ఆయనే కాదు, ఆమె కూడా నమ్మేసింది.

ఆయన బాల్కనీలోనించి వచ్చి, "ఏం లేదట. కంగారు పడొద్దంది. వేళకి తినమంది, అంతే" అన్నాడు. ఆమె వేళకి తింది. తిని మరీ పడింది, బాత్రూములో బట్టలు జాడిస్తూ. "సినిమా హీరోయిన్లే నయం, పడేముందు పట్టుకోవడానికి హీరో ఉన్నాడో లేదో చూసుకుంటారు" అని ఆయన జోకేశాడు. ఆ జోకు ఫోన్లో ఆడపడుచుదాకా వెళ్ళి, అక్కడినించి, "వదినా, ఎలా ఉంది నీ షూటింగు?" అని తిరిగొచ్చింది.

ఇవాళ షాపులో పడింది. ఒక ముసలాయనకి ఫ్రేము పెట్టి చెవి వెనక సరిచేస్తోంది. ముసలాయన మొహం అద్దంలో రెండుగా కనిపించింది. తర్వాత అద్దమే కనిపించలేదు. లేచేసరికి గాజు అరకి తగిలి మోచెయ్యి గీసుకుంది. చేతిలో ఫ్రేము మాత్రం వంకర పోలేదు, అంత గట్టిగా పట్టుకుంది. షాపు యజమాని విసనకర్రలా రసీదు పుస్తకం ఊపుతూ, "కళ్ళజోళ్ళ షాపులో కళ్ళు తిరిగిపడితే జనం మనదగ్గర కొంటారా అమ్మా?" అని నవ్వబోయి, మోచేతి రక్తం చూసి ఆగిపోయాడు. "వెళ్ళు తల్లీ. ఇంటికి కాదు, ఆస్పత్రికి" అన్నాడు.

భర్తకి ఫోన్ చేసింది. మీటింగులో ఉన్నట్టున్నాడు, ఎత్తలేదు. అందుకని, అందుకే, మొదటిసారి ఒక్కతే వెళ్ళింది.

డాక్టరమ్మ ఆమె మోచేతికి కట్టు కట్టి, బీపీ చూసింది. ఆయాసం వస్తోందా, పిక్కల్లో నొప్పి ఉందా, పడేముందు గుండె దడదడలాడుతోందా అని అడిగింది. ఆమె చెప్పింది. తడుముకోకుండా, వరసగా చెప్పింది. పక్కింటి కుక్క ఎక్కడా రాలేదు. డాక్టరమ్మ వింటూ వింటూ, "ఆ మాత్రలు ఆపాక కూడా ఇలాగే ఉందా?" అంది.

"ఏ మాత్రలండీ?"

"పిల్లలు కలక్కుండా వేసుకునేవి. ఈ మధ్య మార్చాం కదా."

"అవా? వేసుకుంటూనే ఉన్నాను. రాత్రి కూడా వేసుకున్నాను."

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. "ఆపమన్నాను కదమ్మా. మీవారు ఫోన్ చేసినరోజే చెప్పాను."

ఆమెకి మళ్ళీ చెవుల్లో హోరుమంది. కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకుంది. పడలేదు. ఈసారిది వేరే.

"మాత్రల వల్లే అని ఖాయంగా అనలేను" అంటోంది డాక్టరమ్మ. "రక్తపరీక్ష చెయ్యాలి, గుండె చూడాలి. కానీ మార్చాకే మొదలైందంటున్నారు కాబట్టి ముందు ఆపి చూడమన్నాను. వెంటనే వచ్చి కనపడమన్నాను. ఇద్దరికీ ఇంక పిల్లలు వద్దనుకుంటే మగవాళ్ళకి చేసే ఆపరేషన్ చాలా చిన్నది, అదే రోజు ఇంటికి వెళ్ళిపోవచ్చు, అదీ చెప్పాను. ఆలోచించి చెబుతానన్నారు." "మీతోనే మాట్లాడి ఉండాల్సింది. నాదీ పొరపాటే" అంది.

ఆలోచించి చెబుతానన్నాడు. ఎప్పుడు ఆలోచించాడు? బాల్కనీలోనించి హాల్లోకి వచ్చే ఆ నాలుగడుగుల్లోనా? వేళకి తినమంది అని అబద్ధం అంత నున్నగా ఎలా వచ్చింది? ఆ రాత్రి తాను మాత్ర చేతిలో వేసుకుంటే మంచినీళ్ళ గ్లాసు అందించింది ఆయనే కదా. చూస్తూనే ఉన్నాడు కదా, మింగుతుంటే గొంతు కదలడం. పొద్దున్న మెట్ల మీద ఆ పల్లకీ జోకు వేసినప్పుడు కూడా తెలుసు. తెలిసి, పాప బుగ్గ గిల్లి వెళ్ళాడు. ఆమెకి కోపం రాలేదు. కోపానికి కాస్త ఊపిరి కావాలి. ఇన్నేళ్ళు పక్కన పడుకున్న మనిషి మొహం గుర్తు తెచ్చుకోబోతే కళ్ళూ ముక్కూ విడివిడిగా వస్తున్నాయి, కలిసి మొహం కావడంలేదు.

రక్తం ఇచ్చింది. గుండెకి తీగలు అంటించి తీసే పరీక్ష చేయించుకుంది. బయట కౌంటరు దగ్గర నిలబడి ఒక పని చూసుకుని, ఇంటికెళ్ళి, ఆస్పత్రికి వెళ్ళొచ్చానని మాత్రం అత్తగారికి చెప్పింది.

భర్త వచ్చి బూట్లు విప్పుతుంటే పడగ్గదిలోకి పిలిచి అడిగింది. ఆయన తలుపు దగ్గరగా వేశాడు.

"మెల్లగా! అమ్మావాళ్ళున్నారు. అది కాదే, అందరూ వేసుకునే మాత్రలేగా, అలవాటైపోతాయిలే అనుకున్నా. డాక్టర్లు అన్నీ భయపెట్టే చెబుతారు. నన్ను ఆపరేషన్ అంటుంది! నాకు సూదంటేనే పడదని నీకు తెలుసుగా."

"పాపని ఎత్తుకుని ఉండగా పడితే?"

"పడలేదుగా" అన్నాడాయన.

అని, రెండో బూటు విప్పుకున్నాడు.

ఆమె తలుపు బార్లా తీసి హాల్లోకి వచ్చింది. అత్తగారు పాపకి తల దువ్వుతోంది. మామగారు టీవీ ముందున్నారు.

"ఏమందమ్మా డాక్టరు? ఏమైనా విశేషమా?" ఆశగా అడిగింది అత్తగారు.

"విశేషం ఉండదత్తయ్యా. మాకు ఈ పాప చాలు. అది మీ అబ్బాయీ నేనూ కలిసి అనుకున్నదే. పాప పుట్టాక నేను మాత్రలు వేసుకుంటున్నాను. అవి పడకే పడుతున్నానేమో, ఆపమని డాక్టరుగారు ఆయనకి ఎప్పుడో చెప్పారు. ఇవాళ్టినించి ఆపేశాను."

మామగారు టీవీ చప్పుడు తగ్గించారు, తగ్గించాక ఎటు చూడాలో తెలీక రిమోట్ వంక చూస్తూ ఉండిపోయారు. దువ్వెన పాప జుట్టులోనే ఆగిపోయింది. గదిలోనించి ఆయన, ఒక కాలికి మేజోడుతో, పరుగున వచ్చాడు. "ఏంటిది? అమ్మ ముందా ఈ మాటలు?"

"రేపు సాయంత్రం ఆస్పత్రిలో అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. ఆపరేషన్ డాక్టరుతో మాట్లాడటానికి."

"ఎవరికి? నీకా?"

"మీకు. వెళ్ళడం, మానడం మీ ఇష్టం. వెళ్ళి వచ్చేదాకా నా మంచం పాప గదిలో."

అత్తగారు కొడుకుని పైనించి కిందిదాకా చూసింది. అప్పటిదాకా కోడలు పడ్డ ప్రతిసారీ రాని కంగారు ఆవిడ మొహంలోకి ఒక్కసారిగా వచ్చేసింది.

"ఆపరేషనేమిటే? అయ్యో! వాడికేమైంది?"

"ఆయనకేమీ కాలేదత్తయ్యా" అంది ఆమె. "అయిందంతా నాకే."