నేల తాకని సంచి

విమానం ఎక్కేదాకా లింగానికి ఎవరిమీదా నమ్మకం లేదు. ఎక్కాక అసలే లేదు.

బేగంపేట నుంచి దుబాయి పోయే ఆ విమానంలో సగం మంది నిజామాబాద్ జిల్లా వాళ్ళే. లింగంలాగే సెలవు ముగిసి మళ్ళీ పనిలోకి పోతున్నవాళ్ళు. సామాను తూచే చోట బరువు ఎక్కువైందని తీయించిన సరుకంతా చేతి సంచుల్లోకి ఎక్కింది. సకినాలు, మామిడి తొక్కు, కారప్పొడి, ఇంట్లో కొట్టిన పసుపు. ఒక్కో చేతి సంచీ ఈడొచ్చిన పొట్టేలంత ఉంది. సీట్ల మీది అరల్లో చోటు కోసం మనుషులు ఒకరినొకరు తోసుకుంటున్నారు. అన్నా అని పిలుస్తూనే మోచేత్తో పొడుస్తున్నారు.

లింగం సంచి మాత్రం చిన్నది. అందులో ఒక స్టీలు డబ్బా, డబ్బాలో మోదుగాకు పొట్లం, పొట్లానికి పసుపు దారం. అది తమ్ముడు ఆత్మారాం ప్రాణం.

తమ్ముడు దుబాయి క్యాంపు నుంచి కోటగిరి ఎస్టీడీ బూత్‌కు ఫోన్ చేసి ఏడ్చాడు. "అన్నా, కండ్లు పచ్చగైనయ్. బువ్వ సయిస్తలేదు. దవఖానకు వోతే కంపెనోళ్ళకు తెలుస్తది. తెల్సిందంటే ఇంటికి పంపుతరు. బాలనర్సయ్య తాన మందు పట్టుకరా." బోధన్ అవతల చెరుకు తోటల మధ్య ఉండే బాలనర్సయ్య పసిరికలకు, అంటే కామెర్లకు, ఇచ్చే మందుకు పేరుపడ్డవాడు. లింగం చెరుకు బండ్ల వెనక నడుచుకుంటూ పోయి, ఆయన గడపలో కూర్చుని మందు తెచ్చుకున్నాడు. ఇచ్చేటప్పుడు ఆయన వేలు చూపించి మరీ చెప్పాడు.

"నేలకు ఆనొద్దు. ఒంటి చెమట తాకొద్దు. మందని ఎవలకు చెప్పొద్దు. గిండ్ల ఏది తప్పినా గది మందు కాదు, మన్నే."

ఇంట్లో దూలానికి వేలాడదీశాడు. బస్సులో ఒళ్ళో పెట్టుకున్నాడు. తీరా విమానంలో ఎయిర్ హోస్టెస్ వచ్చి, పైన చోటు లేదు, ముందు సీటు కింద పెట్టుకోమంది. ఒళ్ళో పెట్టుకుంటానంటే ఎగిరేటప్పుడు కుదరదంది. లింగం సంచిని నెత్తికెత్తుకుని నిలబడ్డాడు. "కింద వెట్ట. ఏమన్న అను, కింద మాత్రం వెట్ట." వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. నవ్వేవాళ్ళను నవ్వనిచ్చి, వాళ్ళ పొట్టేళ్ళనే అటూ ఇటూ నెట్టి తన సంచికి ఇంత సందు చేసుకున్నాడు.

అంతలోనే ఇంకో సంచి వచ్చి ఆ సందులో దూరింది.

దాన్ని తోసినవాడు పక్క సీటువాడు. నల్లద్దాలు పెట్టుకున్నాడు. విమానంలో ఎండెక్కడిది? లింగం అక్కడే వాణ్ణి కిందా మీదా చూశాడు.

"గా సంచి మీదేనా అన్నా? జర జరపరాదూ? నాది కింద వెట్టేది కాదు." వాడి పేరు నర్సింలు, ఊరు ఇందల్వాయి. అడగకుండానే చెప్పాడు. అడగకుండా చెప్పేవాణ్ణి లింగం ఇంకా నమ్మడు.

బాల్కొండ మనిషి ఒకడు ఇట్లాగే ఎవడి పొట్లమో తన సంచిలో పడితే దుబాయి జైల్లో మగ్గుతున్నాడని క్యాంపులో చెప్పుకునేవాళ్ళు. ఆ కథ లింగానికి ఇప్పుడు బాగా గుర్తుకొచ్చింది. విమానం ఎగిరాక నర్సింలు లేచి అర తెరిచాడు. లోపల చెయ్యి పెట్టి తడిమాడు. కూర్చున్నాడు. కాసేపటికి మళ్ళీ లేచాడు, మళ్ళీ తడిమాడు. తన సంచినే సర్దుకుంటున్నాడా, లింగం సంచిలో ఏమన్నా దూరుస్తున్నాడా? ఏమన్నా అడుగుదామంటే ఆ అద్దాల వెనక కళ్ళు ఎటు చూస్తున్నాయో తెలియదు.

"మాటిమాటికి ఏం సూస్తున్నవ్?" అన్నాడు లింగం.

"ఏం లేదన్నా. ఉన్నదా లేదా అని."

"రెక్కలచ్చి ఎగిరిపోతదా?"

అన్నం పళ్ళేలు వచ్చాయి, నర్సింలు ముట్టుకోలేదు. లేచి బాత్రూమ్ వైపు పోయాడు. లింగం ఒక్క ఉదుటున లేచి అర తెరిచి, వాడి సంచి లాగి, వాడి సీటు ముందర కింద పడేసి కాలితో లోపలికి తోశాడు. తన సంచి విప్పి చూసుకున్నాడు. డబ్బా ఉంది, పొట్లం ఉంది, కొత్తగా ఏమీ చేరలేదు. డబ్బాను ఒళ్ళో పెట్టుకుని గెలిచినవాడిలా కూర్చున్నాడు.

నర్సింలు తిరిగొచ్చి కింద సంచిని చూసి కొయ్యబారిపోయాడు.

"కింద వెట్టినవా?"

"వెడితే ఏమైతది?"

వాడు నోరు తెరిచాడు, మూశాడు. "ఏం కాదు," అన్నాడు చివరికి. సంచి ఎత్తి ఒళ్ళో పెట్టుకుని, జిప్పు తీసి, లోపలి గుడ్డమూట విప్పాడు. మోదుగాకు పొట్లం. పసుపు దారం. అదే ముడి.

లింగానికి అర్థమైంది. కింద పెట్టనని తను పట్టిన మొండిపట్టే వాడిదీ. వాడు పైకి చెప్పలేనిదీ అదే. ఎవరికోసమో తెచ్చుకుంటున్న ప్రాణాన్ని తను కాలితో తన్నాడు. ఆ కాలు విరిగిపోయినా బాగుండు అనిపించింది.

క్షమించమని అడగాలంటే మందు మాట ఎత్తాలి. ఎత్తితే తమ్ముడి మందు కూడా మన్నైపోతుంది. మాట్లాడకుండా డబ్బా మూత తీసి తన పొట్లాన్ని ముందు సీటుకున్న మడత పలక మీద పెట్టాడు. నర్సింలు దాన్ని చూశాడు. లింగాన్ని చూశాడు. వద్దని తలూపాడు. లింగం వినలేదు. దారం విప్పి, రెండు పొట్లాల పొడీ ఒక్క ఆకులో పోసి చెంచాతో కలిపాడు. నేల తాకింది, తాకనిది ఒక్కటైంది; ఫలించినా, మన్నైనా ఇక ఇద్దరికీ ఒకటే. దాన్ని రెండు పాళ్ళు చేశాడు. చేశాడు గానీ, తమ్ముడి వైపు ఒక్క చెంచా తగ్గుతుందేమోనని కన్ను కుప్పల మీదే ఉంచాడు.

"యే క్యా హై?"

ఎయిర్ హోస్టెస్ నిలబడి ఉంది. పలక మీద ఆకుపచ్చ పొడి, రెండు కుప్పలు, ఇద్దరు మగాళ్ళు. వెనక సీటువాళ్ళు మెడలు సాచారు. "పౌడరేందో పంచుకుంటున్నరు," అని ఎవరో గుసగుసగా అన్నారు. లింగానికి జైలు గోడలు కనబడ్డాయి. నోరు విప్పితే తమ్ముడు పోతాడు, విప్పకపోతే తను పోతాడు.

"చాయ్ మసాలా," అన్నాడు.

మందని చెప్పొద్దన్నాడు బాలనర్సయ్య. అబద్ధం చెప్పొద్దనలేదు.

ఆమె నమ్మలేదు. తిని చూపించమంది. లింగం చిటికెడు తీసి నోట్లో వేసుకున్నాడు. వేపాకు, కాకరకాయ, ఇంకా దేవుడికే తెలిసినవేవో కలిసి నాలుక మీద మండాయి. నర్సింలూ వేసుకున్నాడు.

"బహుత్ అచ్ఛా," అన్నాడు లింగం, ముఖం నవ్వుతో బిగించి.

"ఏక్‌దమ్ ఫస్ట్ క్లాస్," అన్నాడు నర్సింలు.

ఆమె ఇద్దరినీ కాసేపు చూసి, తల విదిలించి వెళ్ళిపోయింది. చేదుకు నర్సింలు కళ్ళ నిండా నీళ్ళు ఉబికాయి. తుడుచుకోవడానికి అద్దాలు తీశాడు.

కళ్ళు పసుపు కొమ్ముల్లా ఉన్నాయి.

అన్నం ఎందుకు ముట్టలేదో, కళ్ళెందుకు దాచుకున్నాడో లింగానికి అప్పుడు తెలిసింది. దొంగచూపు దాస్తున్నాడనుకున్నాడు ఇంతసేపూ. నర్సింలు చప్పున అద్దాలు పెట్టేసుకుని అటు తిరిగాడు. కంపెనీవాళ్ళకు తెలిస్తే వాణ్ణీ వెనక్కే పంపుతారు.

లింగం తమ్ముడి కుప్పలోంచి ఒక చెంచా తీసి వాడి కుప్పలో వేశాడు. రెండు పొట్లాలకూ తనే ముడులు వేశాడు.

విమానం దిగబోతోంది, సంచులు పైన పెట్టమన్నారు. అర తెరిస్తే వాళ్ళ సందులో వెనకవాడి సంచి సగం జరిగి ఉంది. మిగిలిన చోటు ఒక్కదానికే. నర్సింలు తన సంచి పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు, అడగలేక. లింగం ఆ సంచి అందుకుని పైన పెట్టి మూత వేశాడు.

తర్వాత కూర్చుని, చెప్పులు విడిచి, రెండు పాదాలూ దగ్గరగా చేర్చి, తన సంచిని వాటి మీద పెట్టుకున్నాడు. విమానం కుదుపుతో దిగింది. కాళ్ళు తిమ్మిరెక్కాయి. అందరూ లేచి సంచుల కోసం తోసుకుంటున్నా లింగం పాదాలు కదపలేదు.