మరిగించని పళ్ళు

ఆ ఫిన్లాండ్ పల్లెలో పనికి వెళ్ళే తల్లులు పసివాళ్ళను టెల్లెర్వో ఇంట్లో వదిలి వెళ్తారు. ఆమె చేతి శుభ్రమంటే ఊరికి గురి. వేసవిలో తన అడవిలో తానే కోసి, ఫ్రీజర్‌లో దాచే రాస్ప్‌బెర్రీ పళ్ళంటే మరీనూ.

కిందటి వేసవిలో మోకాలి నొప్పితో ఆమె అడవికే పోలేదు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. దుకాణంలో విదేశీ పళ్ళు కొని, తన పాత ఐస్‌క్రీం డబ్బాల్లో పోసుకుంది. సొంత పళ్ళయితే పచ్చివే పెట్టవచ్చు. గడ్డకట్టించి బయటి దేశాల నుంచి తెచ్చినవి మాత్రం మరిగించాలి, లేకపోతే వాంతులు పట్టుకోవచ్చు. అది ఆమెకు తెలియనిది కాదు. తల్లులు వెళ్ళిపోయాక గుట్టుగా మరిగించి జావలో కలిపేది.

బుధవారం పళ్ళ గిన్నె పొయ్యి మీద పెట్టబోతుండగా, ఓయివా అనే పిల్లాడి తల్లి రీక్కా, మరిచిపోయిన చేతితొడుగులు ఇవ్వడానికి వెనక్కి వచ్చింది.

"అదేంటి టెల్లెర్వో గారూ, మీ అడవి పళ్ళను ఉడకబెడుతున్నారా? కొన్న సరుకులాగా!" అని నవ్వింది.

"అబ్బే, లేదమ్మా" అంటూ టెల్లెర్వో ఆమె కళ్ళముందే పళ్ళను పెరుగులో వేసేసింది. ఓయివా మళ్ళీ అడిగి మరీ తిన్నాడు.

శుక్రవారం పొద్దున్నే రీక్కా ఫోన్ చేసింది.

"మావాడు రాడండీ. ఒకటే వాంతులు. అంతా మా అత్తగారి నిర్వాకం. నిన్న వచ్చి చేపల సూపు పట్టించింది, ఎన్నాళ్ళనాటి చేపో! ఇక మా గడప తొక్కొద్దని చెప్పేశా. ఏడ్చుకుంటూ బస్సెక్కింది. మీ ఇంట్లో తిని ఏనాడైనా ఇలా అయిందా?"

టెల్లెర్వో చెవులు వేడెక్కాయి. అయ్యో పాపం అని ఊరుకుంటే సరిపోతుంది. ఎవరికీ తెలియదు. కానీ ఆ పెద్దావిడ ప్రతి ఆదివారం చర్చిలో తన పక్కనే కూర్చుంటుంది.

"రీక్కా, సూపు వల్ల కాదమ్మా. నా పళ్ళ వల్లే అయ్యుంటుంది."

"మీ పళ్ళకేం?"

"అవి నావి కావు. కొన్నవి. ఆరోజు మరిగించబోతుంటే నువ్వొచ్చావు. సిగ్గేసి పచ్చివే పెట్టేశా."

అవతల ఓయివా ఏడుపు వినిపించింది.

"నేను నవ్వానని, పిల్లాడికి పెట్టేశారా?"

"పెట్టేశాను."

"ఈ మాట మా అత్తగారికి మీరే చెప్పండి. నాకా మొహం లేదు." ఫోన్ పెట్టేసింది.

అంతలో తలుపు చప్పుడైంది. ఇంకో తల్లి పాపను ఎత్తుకుని, మంచు దులుపుకుంటూ నిలబడి ఉంది. ఆ పాప కూడా బుధవారం రెండు చెంచాలు తిన్నది.

టెల్లెర్వో తలుపు సగమే తీసింది.

"లోపలికి రాకమ్మా. ముందు ఒక మాట చెప్పాలి" అంది, ఆమె బూట్ల వైపే చూస్తూ.