కంపలోని కొయ్యగూర

చేలో ఆకు తెంపొద్దని కోహీరు పక్క ఊళ్లలో ఎవరూ అనరు. పంట పటేలుది, కూర తెంపుకున్నవాళ్లది. అలాంటిది నర్సప్ప పటేలు తన వాగు ఒడ్డు చేను చుట్టూ తుమ్మకంప వేయించాడు. లోపల జొన్న లేదు, కంది లేదు. ఉన్నదల్లా మోకాలెత్తు కొయ్యగూర, ఎక్కడపడితే అక్కడ మొలిచే తోటకూర, నవనవలాడుతూ.

పటేలు చేలలో కూలికి పోయే దేవమ్మకు అక్కడే అనుమానం పుట్టింది. కూరకు కంప వేసేవాణ్ని ఆమె బుద్ధెరిగి చూడలేదు. పైగా హైదరాబాదు నుంచి జీపులో ఒక సారు వచ్చి, మొక్కల్ని వేళ్లతో పీకించి, సంచుల్లో కుట్టి తీసుకుపోతున్నాడు. మట్టి కూడా పొట్లం కట్టుకున్నాడు. కంప ఇవతల పటేలు బర్రెలు ఎండుచొప్ప నములుతున్నాయి. వాటికి ఒక్క కట్ట వేసిన పాపాన పోలేదు.

"ఏం దాస్తున్నవు పటేలా? బంగారం పండిందా?"

"సర్కారు విత్తనం. నీకెందుకే?" నర్సప్ప ముఖం తిప్పుకున్నాడు.

ముఖం తిప్పుకున్న మనిషి మాట దేవమ్మ నమ్మదు. మర్నాడు కంప సందులో దూరి ఒడినిండా తెంపుకొచ్చి పప్పులో వేసింది. కూర ఉడుకుతుండగా గుడిసె ముందు చెప్పుల చప్పుడు. ఏనాడూ ఆ వాడ తొక్కని నర్సప్ప. కంపకు చిక్కిన ఆమె చీర పీలిక అతని చేతిలో ఉంది.

"నా చేన్ల తెంపినవా?"

"తెంపిన. కూరకు గూడ పంచాయితేనా? జర కూసో, ఒక్క బుక్క తినిపో."

అతను కుండ వైపే చూస్తున్నాడు.

"తినవేం? మా ఇంట్ల తింటే కులం పోతదా?"

నర్సప్ప పొయ్యి దగ్గరికి నడిచాడు. కండువా అంచుతో కుండ దించి, వాకిట్లో బోర్లించాడు. ఆమె కడవ నీళ్లు కూడా ముట్టని మనిషి!

"వాగు పైన బ్యాటరీలు కరగవెడ్తున్నరు గద. ఆ నీళ్లతోని నా మట్టిల సీసం దిగిందట. గీ కూర దాన్ని గుంజుకుంటదట. తిననీకి గాదే, మట్టి బాగుచెయ్యనీకి ఏసిన్రు. ఎవ్వరికి చెప్పకు దేవమ్మా. చేను పేరు చెడితే నా గింజ ఎవడు కొంటడు?"

దేవమ్మ మట్టిలో ఇంకుతున్న పప్పును చూసింది. తర్వాత మూలనున్న గంపను చూసింది. కోత కూలి కింద పటేలు కొలిచిన జొన్నలు, అడుగున ఇంకా కొన్ని ఉన్నాయి.

"పటేలా, నిరుడు నాకు కొలిచిన జొన్నలు ఏ చేన్లయి?"

నర్సప్ప ముఖం తిప్పుకున్నాడు.