దీవెనమ్మ ముక్కు

నేను ఒక పట్టకారుని. జానెడు పొడవు, చివర కందిగింజంత నోరు. పంజాబులో ఒక చిన్న కార్ఖానాలో స్టీలు కడ్డీని కాల్చి, సాగదీసి, నా పెదవులకు పదును పెట్టారు. మనుషుల ముక్కుల్లోంచి చిన్న కండ ముక్క తెంపి పరీక్షకు అందించడం నా పని. గుంటూరులో ఒక ఆసుపత్రికి వచ్చి, డాక్టర్ పరాంకుశం గారి చేతిలో పన్నెండేళ్లు పనిచేశాను. ఆయన చెయ్యి తేలిక. రోగికి నొప్పి తెలియకుండా చిటికెలో ముక్క తీసేవారు. అందుకు ఆయనకు మంచి పేరు. నాకూ కొంచెం గర్వం ఉండేది.

ఒక వేసవిలో దీవెనమ్మ వచ్చింది. నలభై రెండేళ్ల మనిషి. మిరపయార్డు దగ్గర కాయలకు తొడిమలు తీసే పని. ముక్కు రెండువైపులా మూసుకుపోయింది. చీదితే నెత్తురు చెక్కులు పడుతున్నాయి. వాసన బొత్తిగా తెలియడం లేదు.

"మిరప ఘాటమ్మా. గుడ్డ కట్టుకోవడం లేదా?" అన్నారు పరాంకుశం గారు.

"ఇరవయ్యేళ్ల నించి కాయల్లోనే ఉంటన్నానండీ. ఘాటుకి ముక్కెట్టా కారుద్దో నాకు తెలవదా? ఇది వేరేగా ఉంది," అందామె.

ఆయన నవ్వి నన్ను అందుకున్నారు. బయట వరండా నిండా జనం. నన్ను లోపలికి పోనిచ్చి, దారికి అడ్డంగా ఉన్న నల్లటి చెక్కు అంచున తేలిగ్గా కొరికించారు. ఆమె కన్ను చెమ్మగిల్లనైనా లేదు. బతికున్న కండను కొరికితే నా పెదవులకు ఒక బిగువు తగులుతుంది. ఆ ముక్క నానిన అట్టలా ఊడి వచ్చింది. అది చచ్చిన కండ. అందులో జబ్బు ఆనవాలు దొరకదు. నాకు తెలిసింది, కానీ నాకు నోరే గాని మాట లేదు.

మామూలు వాపేనని రిపోర్టు వచ్చింది. చుక్కల మందు రాసి పంపించారు.

మూడు నెలల తర్వాత ఆమె మళ్లీ వచ్చింది. ఈసారి తీసిన ముక్కలో గ్రాన్యులోమాలు, అంటే కణాలు గుంపుగూడి కట్టే చిన్న ముద్దలు, కనిపించాయన్నారు. అవి క్షయలో ఉంటాయి, కుష్ఠులో ఉంటాయి, అరుదుగా మరికొన్ని జబ్బుల్లోనూ ఉంటాయి. క్షయ క్రిమి ఒక్కటీ కనబడలేదని ఆ రిపోర్టు కింది వరుసలోనే ఉంది. కానీ మనుషులు తెలిసిన పేరొకటి దొరికితే పట్టుకుని వదలరు. ఆ విషయంలో వాళ్లు నాకంటే గట్టి పట్టకార్లు. పరాంకుశం గారు ఆరు నెలలకు క్షయ మందులు రాశారు.

దీవెనమ్మ ఒక్క మాత్ర కూడా మానలేదు. ఐదో నెలలో ముక్కు దూలం లోపలికి కుంగిపోయింది. ఆ ముఖం చూసి ఏం రోగమో అనుకుని, తోటి ఆడవాళ్లు ఆమె పక్కన కూర్చోవడం మానేశారు.

దీవెనమ్మ మళ్లీ వచ్చిన రోజు పరాంకుశం గారు సెలవులో ఉన్నారు. ఆ కుర్చీలో కొత్తగా చేరిన డాక్టర్ నస్రీన్ ఉంది. నస్రీన్ దీవెనమ్మ ముక్కు కంటే ముందు ఉబ్బిన పాదాలు చూసింది.

"మూత్రం ఏ రంగులో వస్తోందమ్మా?"

"కాఫీ డికాషన్ లాగండీ. ముక్కు డాక్టరు గారికి అయ్యన్నీ ఎందుకులే అని చెప్పలా."

నస్రీన్ అరగంట సేపు ఉప్పునీళ్లతో చెక్కులన్నీ నానబెట్టి శుభ్రం చేసింది. ఆ తర్వాత నన్ను లోతుగా, ఎర్రటి కండ దాకా పంపి ఐదు చోట్ల కొరికించింది. దీవెనమ్మ కుర్చీ చేతుల్ని బిగబట్టి మూలిగింది. ఆ నొప్పి ఏడాది కిందటే పెట్టి ఉండాల్సింది.

ముక్కలు, నెత్తురు, మూత్రం మూడూ ఒకే మాట చెప్పాయి. ఒంట్లో కాపలా కాయాల్సిన బలమే తిరగబడి సొంత రక్తనాళాలను తినేసే అరుదైన జబ్బు. దాని పేరు నాకంటే పొడవు. ముక్కులో మొదలై మూత్రపిండాల దాకా వెళ్లింది. సరైన మందు పడ్డాక దీవెనమ్మ బతికింది. మూత్రపిండాలు సగమే తేరుకున్నాయి. వాసన తిరిగి రాలేదు.

కొన్నాళ్లకు నా పదును పోయింది. పాత సామానులో పారేయకుండా పరాంకుశం గారు నన్ను తన బల్ల మీద పెట్టుకున్నారు. కొత్త రోగి వచ్చినప్పుడల్లా ఒకసారి నా వంక చూసేవారు. ఆ చూపు తప్పించుకుందామన్నా నాకు కదలిక లేదు.

నాలుగేళ్ల తర్వాత, ఆయన ఉద్యోగ విరమణ రోజున బల్ల ఖాళీ చేస్తుండగా దీవెనమ్మ లోపలికొచ్చింది. నెలనెలా చేసే రక్తపరీక్షకు వచ్చిందట.

"పోతన్నారంటగా. చెప్పిపోదామని వచ్చా," అంది.

పరాంకుశం గారు చేతిలో కాగితాలు కింద పెట్టారు. "కూర్చో అమ్మా," అన్నారు. "ఆ మొదటిసారి నేను సరిగా తియ్యలేదు. నువ్వు చెప్పింది వినలేదు. విని ఉంటే నీ ముక్కు నిలిచేది, కిడ్నీలూ చెడేవి కావు. తప్పు నాదే."

దీవెనమ్మ కొంగుతో ముక్కు ఒత్తుకుంది.

"నాకు తెలుసండీ. నర్సమ్మ కాయితాలన్నీ చదివి ఎప్పుడో చెప్పింది. నెలనెలా ఈ గుమ్మం ముందర నించే పోతన్నా. మీరు పిలిచి చెబుతారేమోనని చూస్తన్నా."

అంతలో బయట ఆమె నంబరు పిలిచారు. దీవెనమ్మ లేచి, చీటీ పట్టుకుని రక్తం ఇవ్వడానికి వెళ్లిపోయింది.